తల్లి మంచము పట్టిన యిల్లు

జగిత్యాల జిల్లాలోని మా సారంగాపూరునందును, కోరుట్ల, సిరిసిల్ల వైపులను పెక్కు ఇండ్లకు తల్లి యొడిలోని బీడీల చాటయే ఆధారము. ఇంటి పురుషుడు గల్ఫు దేశమునకో, కూలికో పోయి యుండగా ఇల్లాలు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి, లెక్క ప్రకారము కార్ఖానాలో అప్పగించును. వేయి బీడీలకు ఇంతయని కూలి. చేయి ఆగిననాడు కూలియు ఆగును. అట్టి తల్లికి క్షయవ్యాధి సోకినప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలు ఆ కుటుంబమునకు ఏ తీరున తోడ్పడవలయునో ఇచట విచారింపదలచితిమి.

క్షయకు మందు లేదను కాలము గడచిపోయినది. నేడు ప్రభుత్వ వైద్యశాలలలో కఫపరీక్షయు, మందులును ఉచితము. సాధారణమైన క్షయకు ఆఱు మాసములు దినదినమును మందు మ్రింగవలయును. పోషణ నిమిత్తము రోగికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండిరి. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసిరి. 2023 డిసెంబరు నుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు ఖర్చును తప్పినది. కాని ఆగిన కూలిని ఎవరు తెత్తురు? రోగి వెంట జగిత్యాలకు పోయినవారి ఒకనాటి కూలి మాట యేమి? పొయ్యి రాజేయువారెవరు? కొదువ యంతయు ఇచటనే యున్నది.

ఈ సందర్భమున ఒక చరిత్రాంశము తెలిసికొనదగినది. పూర్వము క్షయరోగులను మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము వంటి శానిటోరియములకు పంపి మాసముల కొలది ఉంచుచుండిరి. బీదలకు అది సాధ్యమగునా? 1956లో మద్రాసు నగరమున వైద్యులు బీదరోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియమున నుంచి, రెండవ జట్టునకు ఇండ్లయందే మందు నిచ్చిరి. శానిటోరియమువారికి మంచి తిండియు, విశ్రాంతియు లభించెను. ఇండ్లలోనివారికి ఇఱుకు గదులును, చాలీచాలని తిండియును. అయినను సంవత్సరము గడచునప్పటికి రెండు జట్లవారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇంటనున్న రోగివలన కుటుంబమువారికి వ్యాధి హెచ్చుగా సోకినట్లును కనబడలేదు. 1959లో ప్రకటింపబడిన ఈ ఫలితము లోకమున క్షయచికిత్స తీరునే మార్చినది. మందు క్రమముగా పడినచో బీదయిల్లే వైద్యశాల కాగలదని దీని తాత్పర్యము. ఆ క్రమమును నిలుపుటయే మనము చేయదగిన సాయము.

క్రమము తప్పు తావులు రెండు. మొదటిది రెండవ మాసము. దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒడలికి కొంత సత్తువ రాగానే తల్లి “నాకు నయమైనది” అని మందు మాని చాట ముందు కూర్చుండును. సగములో మానినచో క్రిములు ఆ మందునకు లొంగనివి కావచ్చును. పిమ్మట చికిత్స మఱింత కఠినమగును. పెంబట్ల దుబ్బరాజన్నకు మ్రొక్కుకొనవచ్చును గాని మ్రొక్కు మందునకు తోడు కావలయునే కాని మాఱు కారాదు.

రెండవది కూతురి చదువు. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే ఈ సంగతి మాకు ముందుగనే తెలియును. చక్కగా చదువు పిల్ల వరుసగా బడికి రాకున్నచో ఆ యింట ఎవరో మంచము పట్టినారన్నమాట. మా వీథిలోనే ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తల్లి చాటను తన యొడిలోనికి తీసికొన్నది. బడికేల పోవుట లేదని అడుగగా, “అమ్మకు నయమయ్యేదాక నేనే చేస్తనమ్మా. లేకుంటే తమ్మునికి బువ్వెట్ల?” అన్నది. ఆ ప్రశ్నకు బదులు హితబోధ కాదు, బువ్వయే. బడి మానిన పిల్ల బడిలోని మధ్యాహ్నభోజనమును గూడ పోగొట్టుకొనునని తల్లికి నచ్చజెప్పి, వీథిలోని అయిదుగురు ఇల్లాండ్రము వంతులు వేసికొంటిమి. ఇద్దరు చెరియొక పూట వంట. ఒకరు నీళ్లు, బట్టలు. ఒకరు వైద్యశాలకు తోడు. మందు మ్రింగుట చూచి కాగితముపై గుఱుతు పెట్టుట మా వంతు. నాలుగవనాడు బాలిక బడికి పోయినది. ఆఱు మాసములు నిండినపిమ్మట కఫములో క్రిములు కనబడలేదు. ఆ యింటికి అప్పు కొంత మిగిలియేయున్నది. చదువు మాత్రము తెగలేదు.

కావున రెండు పండ్లు చేతబట్టి పోయి “అయ్యో” యని వచ్చుట చాలదు. “ఏమైన కావలయునా?” అని అడిగినను లాభము లేదు; మానవతి కావలయునని చెప్పదు. “మంగళవారము వంట నాది వదినె” అని చెప్పి పోవలయును. ఇంటిలోని బిడ్డలకు పరీక్ష చేయించవలయును. ఈ వ్యాధి దగ్గినప్పుడు గాలిలో వ్యాపించును గాని కంచము, చెంబువలన కాదు. కనుక రోగికి కంచము వేఱు చేసి మనసు నొప్పింపక, కిటికీలు తెఱచియుంచి, నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుమని చెప్పిన చాలును. 2022లో ఆరంభమైన నిక్షయ మిత్ర పథకము క్రింద ఒక సంఘము గాని, ఒక వ్యక్తి గాని రోగి సమ్మతితో నెలనెల ఆహారదినుసులు ఇచ్చుటకు పూనుకొనవచ్చును. వడ్డీవ్యాపారి గడప త్రొక్కుటకు ముందు మహిళాసంఘమున అప్పు అడుగుట మేలు.

ఆస్పత్రిలో చేరవలసిన పెద్ద జబ్బులకును ఈ న్యాయమే వర్తించును. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరున తెలంగాణమున పది లక్షల రూపాయలకు పెంచిరి. అది శస్త్రచికిత్సకు అక్కఱకు వచ్చును. ఇంట ఆకలిగొన్న బిడ్డకు అన్నము కలిపి పెట్టదు. సర్కారు చేయి చేరని ఆ కొంచెపు దూరము మన గడపనుండి పొరుగు గడపకున్నంతయే. ఆ దూరము నడచుటకు ధనము అక్కఱలేదు. వారమునకు ఒక పూట చాలును.