గ్రద్దకు జంకని పిట్ట

పేద విద్యార్థికి జీతము కట్టి, పుస్తకములు కొనియిచ్చుట గొప్ప ఉపకారము. వారములు చేసికొని చదువుకొన్న పెద్దల నెఱిగిన తెలుగువారికి దాని విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు. కాని చదువు తనవంటివారికి గాదని పిల్లవాడు ముందుగనే నమ్మియున్నచో, ఆ ధనము వాని వాకిటికి వచ్చియు వ్యర్థమగును. అట్లు నమ్మించినది బడియే యైనచో చిక్కు మఱింత పెరుగును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో హిస్పానిక్ యువజనుల కొఱకు ఏర్పడిన విద్యార్థి వేతనములు, నాయకత్వ శిక్షణలు ఈ చిక్కును విప్పుటకు జరిగిన ప్రయత్నములే.

స్పానిష్ భాషా సంప్రదాయము గల దేశములనుండి వచ్చినవారిని, వారి సంతతివారిని అచ్చట హిస్పానిక్కు లందురు. మెక్సికో సంతతివారు, ప్యూర్టోరికో ద్వీపవాసులు, క్యూబా మొదలగు దేశములవారు వీరిలో కలరు. అందఱును క్రొత్తగా వలస వచ్చినవారు కారు. టెక్సాస్, కాలిఫోర్నియాలు మెక్సికోలో చేరియున్న కాలమునుండియు అచ్చటనే నివసించుచున్న కుటుంబములు కలవు. 2020 జనాభా లెక్కలలో వీరి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. అనగా దేశ జనాభాలో అయిదవ వంతునకు కొంచెము తక్కువ.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున టెక్సాస్, కాలిఫోర్నియాలలోని పెక్కు ఊళ్ళలో మెక్సికో సంతతి పిల్లలకు బడులు వేఱుగ నుండెడివి. 1946లో మెండెజ్ కుటుంబము, మఱి కొన్ని కుటుంబములు కలిసి తెచ్చిన వ్యాజ్యములో, కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానము ఇట్టి వేర్పాటు చెల్లదని తీర్పు చెప్పెను. 1947లో పై న్యాయస్థానము దానిని స్థిరపఱచెను. బడి తలుపు తెఱచుకొనుట కిది నాంది. కాని లోపల అడుగిడిన పిల్లవానికి ఉపాధ్యాయుని మాట తెలియదు. వాని మాట ఉపాధ్యాయునకు తెలియదు. ఒకటవ తరగతిలోనే రెండు మూడేండ్లు గడపి, మందబుద్ధి యను పేరు తెచ్చుకొని, బడి మానినవా రెందఱో!

ఈ దుస్థితిని గమనించినవారిలో ఫెలిక్స్ టిహెరీనా ఒకడు. ఆయన హ్యూస్టన్ నగరమున భోజనశాలలు నడపుచు, 1929లో కార్పస్ క్రిస్టీ పట్టణమున స్థాపితమైన లాటిన్ అమెరికను పౌరుల సమైక్య సంఘమునకు అధ్యక్షు డయ్యెను. ఒకటవ తరగతిలో చేరకముందే పిల్లవానికి నాలుగు వందల ఇంగ్లీషు మాటలు నేర్పిన చాలును, వాడు తక్కినవారితో సమానముగ నడువగలడని ఆయన తలంచెను. 1957 వేసవిలో గనాడో అను చిన్న యూరిలో మొదటి బడి వెలసెను. అందు పాఠము చెప్పినది ఇసబెల్ వెర్వెర్ అను పదునేడేండ్ల బాలిక. తాను ఇంగ్లీషు రాక బడిలో పడిన బాధ ఆమె కింకను జ్ఞాపకమే. "నాలుగు వందల మాటల చిన్న బడి" యని పేరొందిన ఈ ప్రయత్నము ఫలించుటచే, 1959లో టెక్సాస్ శాసనసభ ఇట్టి శిక్షణను ప్రభుత్వ వ్యయముతో నడపుటకు చట్టము చేసెను.

టెక్సాసులో పసిపిల్లల కొఱకు జరిగిన ఈ కృషికి తోడు, తూర్పుతీరమున యువజనుల కొఱకు మఱియొక యుద్యమము బయలుదేఱెను. దాని కర్త ఆంటోనియా పంటోహా. ఆమె 1922లో ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లో పేద కుటుంబమున జన్మించెను. ఉపాధ్యాయ శిక్షణ పొంది, కొంతకాలము పాఠములు చెప్పి, 1944లో న్యూయార్కు చేరెను. అచ్చట ఆమెకు దొరికినది కర్మాగారములో లోహము లతుకు పని. పని చేయుచునే చదువు సాగించి, 1952లో హంటర్ కళాశాల పట్టమును, 1954లో కొలంబియా విశ్వవిద్యాలయమున సాంఘిక సేవాశాస్త్ర పట్టమును పొందెను.

ప్యూర్టోరికోవారు 1917 నుండి అమెరికా పౌరులు. రెండవ ప్రపంచయుద్ధానంతరము వారు వేలకువేలుగ న్యూయార్కునకు తరలివచ్చిరి. 1960 నాటికి ఆ నగరమున వారి సంఖ్య ఆరు లక్షలు మించెను. కాని వారి పిల్లలలో కళాశాల మెట్లెక్కినవారు మిక్కిలి యరుదు. 1963లో నగరమందలి ఉన్నత పాఠశాలలు కళాశాల చదువునకు దారితీయు పట్టములు సుమారు 21,000 ఈయగా, ప్యూర్టోరికో విద్యార్థులకు దక్కినవి 331 మాత్రమే. తక్కినవారిలో కొందఱు బడి మానిరి. పెక్కుమందిని బడి సలహాదారులే చేతిపనుల తరగతులకు మఱలించిరి. చేతిపని తక్కువదని కాదు. పిల్లవాని నడుగకయే వాని దారిని నిర్ణయించుట యన్యాయము.

1961లో పంటోహా కొందఱు మిత్రులతో కలిసి "ఆస్పిరా" సంస్థను స్థాపించెను. ఉన్నతమైనదానిని కోరుకొమ్మని ఆ స్పానిష్ మాటకు అర్థము. దైన్యమును సూచింపని పేరు కావలెనని ఆమె కోరిక. సంస్థకు చిహ్నము పితిర్రె యను పిట్ట. ప్యూర్టోరికోలో దీని నెఱుగనివారు లేరు. ఇది చూచుటకు చిన్నదే కాని, తన గూటి దరికి వచ్చిన గ్రద్దను సైతము వెంటబడి తరిమివేయును. ప్రతి గ్రద్దకును ఒక పితిర్రె యుండునని ఆ ద్వీపమున సామెత.

ఆస్పిరా విద్యార్థులకు కళాశాల ప్రవేశ విషయమునను, ధనసహాయ విషయమునను తోడ్పడెను. అయినను దాని ప్రాణము పాఠశాలలలో వెలసిన క్లబ్బులలో నుండెను. క్లబ్బు అధికారులను విద్యార్థులే యెన్నుకొందురు. సభలు వారే నడపుదురు. తమ ద్వీప చరిత్రను, సాహిత్యమును చదువుదురు. తమ పేటలోని చిక్కులను గుర్తించి, కారణములు విచారించి, చేయదగిన పని చేయుదురు. క్రొత్తవారిని చేర్చుకొను ఉత్సవమునకు ద్వీపపు ఆదివాసులైన తైనోల భాషనుండి "అరేయితో" అను పేరు గ్రహించిరి. అంతవఱకు ఇతరులు చెప్పిన దారిని నడచిన పిల్లవాడు, పదిమంది యెదుట నిలిచి తన యభిప్రాయమును చెప్పుట అచ్చట నేర్చెను.

ఈ శిక్షణ పొందిన సంఘము ఊరకుండలేదు. ఇంగ్లీషు రాని పిల్లలకు అర్థము కాని భాషలో పాఠములు చెప్పుట యన్యాయమని 1972లో ఆస్పిరా న్యూయార్కు విద్యామండలిపై వ్యాజ్యము వేసెను. 1974లో కుదిరిన రాజీ డిక్రీ ననుసరించి, అట్టి పిల్లలకు స్పానిష్‌లో పాఠములు చెప్పుచు ఇంగ్లీషు నేర్పుటకు మండలి యంగీకరించెను. పంటోహా 1996లో అధ్యక్షుని స్వాతంత్ర్య పతకమును పొంది, 2002లో మరణించెను.

పడమటి తీరమున లాస్ ఏంజిలిస్ నగరములోను ఇట్టి కృషి జరిగెను. 1963 నుండి మెక్సికను అమెరికను విద్యార్థులకు మాలిబూలోని హెస్ క్రేమర్ శిబిరమున నాయకత్వ సదస్సులు జరుగుచుండెడివి. లింకన్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు శాల్ కాస్ట్రో వానికి అండగా నిలిచెను. 1968 మార్చిలో వేలకొలది విద్యార్థులు తరగతులు విడిచి వీథులకు వచ్చిరి. తమ చరిత్రకు పాఠములలో చోటు, రెండు భాషలలో బోధన, కళాశాలకు తగిన తరగతులు వారి కోరికలు. కాస్ట్రోను, మఱి పండ్రెండుగురిని నిర్బంధించిరి. ఆయన ఉద్యోగమును ఆపివేసిరి. ప్రజలు విద్యామండలి సభామందిరముననే బైఠాయించి ఆయనను తిరిగి బడికి రప్పించిరి. నేరారోపణలు తరువాత న్యాయస్థానములో వీగిపోయెను.

ఈ ఉద్యమముల వెనుకనే సహాయమునకు దారులు విస్తరించెను. వ్యవసాయపు పనులకై ఊరూర తిరుగు కూలీల బిడ్డలను కళాశాల మొదటి సంవత్సరమున ఆదుకొను ఫెడరల్ పథకము 1972లో వచ్చెను. 1975లో ఎర్నెస్ట్ రోబ్లెస్ హిస్పానిక్ విద్యార్థి వేతన నిధిని స్థాపించెను. 1979లో ఎర్నెస్టో నియెటో టెక్సాసులో నెలకొల్పిన జాతీయ హిస్పానిక్ సంస్థ యువజనులచే నమూనా శాసనసభలు నడపించుచున్నది.

2023లో అమెరికా సుప్రీంకోర్టు కళాశాల ప్రవేశములలో జాతిని పరిగణించుట చెల్లదని తీర్పు చెప్పెను. ఆ పిమ్మట, ఒక జాతివారికే ప్రత్యేకించిన వేతనములపైనను వివాదములు చెలరేగినవి. కొన్ని సంస్థలు నిబంధనలను మార్చుకొన్నవి. సహాయము పేదఱికమునుబట్టియే యుండవలెనని కొందఱు, భాష వలన, పుట్టుక వలన కలిగిన అడ్డంకులను పేదఱిక మొక్కటే చూపజాలదని మఱికొందఱు వాదించుచున్నారు. ఈ వాద మెట్లు తేలినను, సలహాదారుని బల్ల యెదుట కూర్చున్న బాలుని సమస్య యట్లే యుండును. వాని దారిని నిర్ణయించువా రెవరు?

టిహెరీనా తలంపునకు రూప మిచ్చినది పదునేడేండ్ల పంతులమ్మ. ఆస్పిరాను స్థాపించినది ఒకప్పటి ఉపాధ్యాయిని. విద్యార్థులతో నిలిచి నిర్బంధమునకు లోనైనవాడు బడిపంతులు. ధనము కూర్చినవారి మేలు మఱువరానిదే. కాని "నీవు చదువగలవు" అను మాట పిల్లవానికి మొదట వినవలసినది తరగతి గదిలోనే. ఆ మాట విన్నవానికి వేతనము ఉపయోగపడును. వినని వానికి దరఖాస్తు పెట్టుకొనవలె నను తలంపే రాదు.