క్లాసులో పుట్టిన ప్రశ్న.. ప్రపంచ కోర్టు దాకా!

క్లాసులో అసైన్‌మెంట్ ఇస్తే మనం ఏం చేస్తాం? సబ్మిషన్‌కి ముందు రోజు రాత్రి ఫ్రెండ్ రికార్డు తెచ్చుకుని దించేస్తాం. మార్కులు పడగానే మర్చిపోతాం. నా బీటెక్ నాలుగేళ్లూ దాదాపు ఇలాగే గడిచాయి.

పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు అనే చిన్న దేశంలో 27 మంది లా స్టూడెంట్లు మాత్రం అలా మర్చిపోలేదు. 2019లో క్లాసులో మొదలైన ఒక చర్చని పట్టుకుని ఆరేళ్లు తిరిగారు. వనువాటు ప్రభుత్వం గుమ్మం నుంచి ఐక్యరాజ్య సమితి దాకా, అక్కడి నుంచి ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లారు. 2025 జులై 23న ఆ కోర్టు వాళ్ల ప్రశ్నకు ఏకగ్రీవంగా జవాబిచ్చింది. పర్యావరణం గురించి ప్రపంచ నేతలతో మాట్లాడాలనుకునే ఎవరికైనా ఈ కథలో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

చప్పట్లు.. ఆ తర్వాత?

నేతల ముందు యువత గొంతెత్తడం కొత్తేమీ కాదు. 1992లో బ్రెజిల్‌లోని రియోలో ధరిత్రీ సదస్సు జరిగింది. కెనడా నుంచి వచ్చిన 12 ఏళ్ల సెవెర్న్ సుజుకి అక్కడ మాట్లాడింది. తన స్నేహితులతో కలిసి సొంతంగా విరాళాలు పోగుచేసుకుని మరీ వచ్చింది. కొద్ది నిమిషాల ఆ ప్రసంగం హాలు మొత్తాన్ని కదిలించింది. ఆ వీడియో ఇప్పటికీ షేర్ అవుతూనే ఉంటుంది. 2018లో స్వీడన్ అమ్మాయి గ్రెటా థన్‌బెర్గ్ బడి మానేసి పార్లమెంటు ముందు కూర్చుంది. మరుసటి ఏడాదికల్లా ఐరాస వేదిక మీద నేతల్ని నిలదీసింది.

ఇప్పుడు ఇంజినీర్‌లా ఒక్క అంకె చూద్దాం. రియో సదస్సు నాటికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో 356 భాగాల దగ్గర ఉంది. 2024 నాటికి 420 దాటేసింది. అంటే ఆ ప్రసంగాలు వృథా అయ్యాయా? అలా అనలేం. ఎంతోమంది కళ్లు తెరిచింది వాటితోనే. కాకపోతే ప్రసంగానికి జవాబు చెప్పాలన్న రూలు ఎక్కడా లేదు. చప్పట్లు కొట్టి, ఫొటో దిగి వెళ్లిపోవచ్చు. వనువాటు స్టూడెంట్లు సరిగ్గా ఇక్కడే వేరే దారి వెతికారు.

తప్పించుకోలేని ప్రశ్న

వాళ్లంతా యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ విద్యార్థులు. వేర్వేరు ద్వీప దేశాల నుంచి వచ్చి పోర్ట్ విలా క్యాంపస్‌లో చదువుకుంటున్నారు. వాతావరణ మార్పు వాళ్లకి సిలబస్‌లో చాప్టర్ మాత్రమే కాదు. 2015లో పామ్ తుపాను వనువాటుని చిందరవందర చేసింది. సముద్రం ఏటికేడు ఊళ్లమీదికి వస్తోంది. కాలుష్యంలో ఆ దేశాల వాటా చూస్తే లెక్కలోకే రాదు.

చట్టంలో దీనికి దారి ఉందా అని వెతికితే ఒకటి దొరికింది. ఐరాస సర్వప్రతినిధి సభ కోరితే, న్యాయపరమైన ఏ ప్రశ్న మీదైనా అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పొచ్చు. 2011లో పలావు, మార్షల్ దీవులు ఇదే ప్రయత్నం చేసి, తగినంత మద్దతు దొరక్క ఆగిపోయాయి. 'పెద్దవాళ్ల వల్లే కానిది మనవల్ల ఏమవుతుంది' అని వీళ్లు అనుకోలేదు. 'పసిఫిక్ ఐలండ్స్ స్టూడెంట్స్ ఫైటింగ్ క్లైమేట్ చేంజ్' పేరుతో సంఘం పెట్టారు. ద్వీప దేశాల ప్రభుత్వాలకు లేఖలు రాశారు. వనువాటు ప్రభుత్వం ముందుకొచ్చింది. మిగతా ఖండాల కుర్రాళ్లని కలుపుకోవడానికి 'వరల్డ్స్ యూత్ ఫర్ క్లైమేట్ జస్టిస్' మొదలైంది. ఆ తర్వాత ఒక్కో దేశాన్నీ ఒప్పించే పని. మధ్యలో కొవిడ్. 2023 మార్చిలో ఒకే వారంలో రెండు తుపాన్లు వనువాటుని కొట్టాయి. అదే నెల 29న తీర్మానం సర్వప్రతినిధి సభ ముందుకొచ్చింది. 130కి పైగా దేశాలు బలపరిచాయి. ఓటింగ్ అవసరం లేకుండానే ఆమోదం పొందింది.

ఇంతకీ వాళ్లు అడిగిందేమిటి? రెండే ముక్కలు. వాతావరణాన్ని కాపాడటంలో అంతర్జాతీయ చట్టం ప్రకారం దేశాల బాధ్యతలేమిటి? ఆ బాధ్యత తప్పి నష్టం కలిగిస్తే పర్యవసానమేమిటి? 'దయచేసి భూమిని కాపాడండి' అంటే తల ఊపి ఊరుకోవచ్చు. 'మీ డ్యూటీ ఏంటో చెప్పండి' అంటే ఏదో ఒక జవాబు ఇవ్వాల్సిందే.

కోర్టు ఏం చెప్పింది?

2024 డిసెంబరులో రెండు వారాల పాటు విచారణ జరిగింది. 96 దేశాలు, 11 అంతర్జాతీయ సంస్థలు వాదనలు వినిపించాయి. తొలి రోజే విద్యార్థి సంఘం అధ్యక్షురాలు సింథియా హౌనియుహి న్యాయమూర్తుల ముందు నిలబడి మాట్లాడారు. ఆమెది సోలమన్ దీవులు. ఆ 27 మందిలో ఒకరు. ఐదేళ్ల కిందట క్లాసులో బెంచీ మీద కూర్చుని చర్చించిన అమ్మాయి, ప్రపంచంలోకెల్లా పెద్ద కోర్టులో వాదన వినిపించిందన్నమాట!

కోర్టు అభిప్రాయంలో ముఖ్యమైనవి ఇవి. పరిశుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం మానవ హక్కు. పారిస్ ఒప్పందం కింద ఏ దేశం ఎంత తగ్గించుకోవాలన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం కాదు, చేతనైనంత గట్టి లక్ష్యం పెట్టుకోవాలి. బొగ్గు, చమురు లాంటి ఇంధనాల ఉత్పత్తికి లైసెన్సులు, రాయితీలు ఇస్తూ ఉద్గారాలను అదుపు చేయకపోతే అది చట్ట ఉల్లంఘన కావచ్చు. నష్టానికీ తప్పుకీ సంబంధం రుజువైతే పరిహారం కూడా ఇవ్వాల్సి రావచ్చు.

ఇది సలహాపూర్వక అభిప్రాయం మాత్రమే. ఏ దేశాన్నీ నేరుగా కట్టిపడేయదు. కానీ రేపు ఏ దేశపు కోర్టులోనైనా, ఏ చర్చల బల్ల దగ్గరైనా దీన్ని ముందు పెట్టి మాట్లాడొచ్చు. మన దేశం కూడా ఆ విచారణలో పాల్గొంది. చరిత్రలో ఎక్కువ కాలుష్యం చేసింది సంపన్న దేశాలే కాబట్టి భారం వాళ్లే ఎక్కువ మోయాలని, ఇప్పుడున్న ఒప్పందాలను దాటి కొత్త బాధ్యతలు పెట్టొద్దని వాదించింది. దీనితో మీరు ఏకీభవించొచ్చు, విభేదించొచ్చు. ముందైతే చదవాలి కదా!

మన దగ్గర తలుపులు లేవా?

ఉన్నాయి. ఉత్తరాఖండ్ అమ్మాయి రిధిమా పాండే తొమ్మిదేళ్ల వయసులో, 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ తలుపు తట్టింది. 2019లో ఆ పిటిషన్‌ని కొట్టేశారు. తను ఆగలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. వేరే కేసులో 2024లో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద మన హక్కు అని. ఉప్పాడ తీరంలో సముద్రం ఇళ్లని కోసుకుపోవడం చూసినవాళ్లకి ఈ హక్కు ఎంత అవసరమో ఎవరూ చెప్పక్కర్లేదు.

నా అనుభవం ఒకటి చెబుతా. రెండేళ్ల కిందట మా అమ్మమ్మ వాళ్ల ఊరి దగ్గర ఓ పరిశ్రమ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. బ్లాగులు రాసేవాణ్ని కదా, మాటలకేం కొదవ! ఫోన్లో మూడు పేజీల ప్రసంగం రాసుకెళ్లాను. భూమాత, భావితరాలు, కరుగుతున్న మంచు.. అన్నీ వల్లించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. నా తర్వాత ఒక పెద్దాయన మైకు తీసుకుని ఒక్కటే అడిగారు. 'ఎండాకాలంలో నీళ్లు ఏ చెరువు నుంచి తీసుకుంటారో మీ రిపోర్టులో చూపించండి బాబూ' అని. వేదిక మీదివాళ్లు కాగితాలు తిరగేశారు. దొరకలేదు. రాతపూర్వకంగా జవాబిస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. మినిట్స్‌లో ఆయన ప్రశ్న పూర్తిగా ఎక్కింది. నాది మాత్రం 'పర్యావరణాన్ని కాపాడాలని ఓ యువకుడు కోరారు' అని ఒక్క లైను. ఆ రోజు సిగ్గుపడ్డాను కానీ, వనువాటు కథ చదివాకే నా తప్పేంటో సరిగ్గా అర్థమైంది.

మీరు మొదలుపెట్టాలంటే..

* ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇస్తారు. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. అడిగి తెచ్చుకుని చదవండి. సభకు వెళ్లలేకపోతే రాసి పంపొచ్చు.

* పర్యావరణ అనుమతుల పత్రాలు కేంద్రం నడిపే పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతాయి. ఉపగ్రహ చిత్రాల కోసం ఇస్రో వారి భువన్ ఉంది. కోడింగ్, మ్యాపింగ్ వచ్చినవాళ్లు ఊరి చెరువు పదేళ్లలో ఎంత కుంచించుకుపోయిందో చూపించగలరు. లా చదివేవాళ్లకి ఆ సాక్ష్యమే బలం.

* ఐరాస వాతావరణ చర్చల్లో యువతకు 'యంగో' పేరుతో అధికారిక విభాగం ఉంది. ఏటా జరిగే సదస్సుకు ముందు చాలా దేశాల్లో యువజన సమావేశాలు పెట్టి, డిమాండ్ల పత్రం తయారుచేస్తారు. మన దేశంలో ఎప్పుడు జరుగుతుందో కనిపెట్టుకుని ఉండండి.

* ఒక్కరే వెళ్లొద్దు. ఒక లా స్టూడెంట్, ఒక ఇంజినీర్, ఊరి సంగతులు తెలిసిన ఒక పెద్దాయన ఉంటే మంచి టీమ్ అయినట్టే.

ఆ 27 మంది మొదలుపెట్టినప్పుడు వాళ్ల దగ్గర డబ్బు లేదు, పలుకుబడి లేదు. ఉన్నదల్లా ఒక క్లాసు, ఒక ప్రశ్న. ఈసారి మీ ఊళ్లో మైకు చేతికొస్తే, ప్రసంగం ఫోన్లోనే ఉంచేసి ముందుగా ఆ రిపోర్టు తెరవండి.