బిందుసేద్య పరికరాలలో సున్నపు అవరోధం: కారణాలు, నివారణ – మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
బిందుసేద్యంలో డ్రిప్పర్లు మూసుకుపోవడానికి ఇసుక, నాచులతోపాటు నీటిలో కరిగివున్న సున్నం కూడా ముఖ్య కారణం. కరిగివున్న పదార్థాన్ని ఫిల్టర్లు పట్టలేవు. ఆ సున్నం ఎక్కడ కరుగుతుంది, ఎక్కడ గట్టిపడుతుంది, దానిని ముందుగానే ఎలా నివారించవచ్చు అనే అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బిందుసేద్యం, డ్రిప్పర్, సున్నం, బోరునీరు, ఆమ్లచికిత్స, టమాట.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలు వర్షాభావ ప్రాంతాలు. నదీజలాల ఆధారం స్వల్పం కావడంతో ఇక్కడి సేద్యం చెరువుల మీద, అంతకుమించి బోరుబావుల మీద సాగుతున్నది. మదనపల్లె టమాట మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. కుప్పంలో 1990వ దశకంలోనే ఇజ్రాయెల్ సాంకేతికతతో బిందుసేద్య ప్రయోగం జరిగింది. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకం ప్రారంభమైన తరువాత ఈ పద్ధతి సామాన్య రైతుకు చేరువైంది. అయితే పరికరాలను అమర్చుకోవడంతో పని పూర్తికాదు. నీటిదారులు మూసుకుపోకుండా కాపాడుకున్నప్పుడే పెట్టుబడికి ఫలితం దక్కుతుంది.

2. భూమిలో కరిగే సున్నం:
గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం మాత్రమే. వేళ్లు, సూక్ష్మజీవులు శ్వాసించే మట్టిపొరలలో అది అనేక రెట్లు అధికం. వాననీరు ఆ పొరల గుండా ఇంకుతూ ఆ వాయువును గ్రహించి స్వల్ప ఆమ్లగుణాన్ని పొందుతుంది. మట్టిలోని సున్నపు గడ్డలను, గ్రానైట్, నైస్ శిలలలోని ఖనిజాలను కరిగించి, కాల్షియం బైకార్బనేట్ రూపంలో తనలో నిలుపుకొంటుంది. కనుకనే బోరునీరు కంటికి తేటగా కనిపించినా కఠినజలం కావచ్చు. ఈ కాఠిన్యం బోరుకూ బోరుకూ మారుతుంది.

3. డ్రిప్పర్ వద్ద గట్టిపడే సున్నం:
బోరునుండి పైకి వచ్చిన నీటిపై ఒత్తిడి తగ్గగానే కార్బన్ డయాక్సైడ్ వెలికిపోతుంది, నీటి పి.హెచ్. పెరుగుతుంది; కరిగిన సున్నం తిరిగి ఘనరూపం దాలుస్తుంది. ఎండకు కాగే నల్లని లాటరల్ పైపులలో ఈ చర్య వేగవంతమవుతుంది, ఎందుకంటే సున్నం వేడినీటిలో తక్కువగా కరుగుతుంది. మోటారు ఆగిన తరువాత డ్రిప్పర్ కొనన నిలిచిన బొట్టు ఆవిరై ఒక పలుచని పొరను మిగులుస్తుంది. నీటిదారి వెడల్పు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే కనుక, ఆ పొరలే క్రమంగా అవరోధమవుతాయి.

సముద్రపు పగడాలను పెంచే అక్వేరియంలలో వాడే కాల్షియం రియాక్టర్ ఇదే సూత్రంపై పనిచేస్తుంది. మూసివున్న పాత్రలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి పగడపు ముక్కలను కరిగిస్తారు. ఆ నీరు బొట్లుగా బయటకు వచ్చే సన్నని గొట్టం కొనన సున్నం పేరుకొనడం అక్కడి సమస్య. ఇక్కడ భూమియే రియాక్టర్; డ్రిప్పర్ దాని గొట్టపు కొన.

4. పంటపై ప్రభావం:
అవరోధం అన్ని డ్రిప్పర్లలో ఒకేసారి ఏర్పడదు. అందువల్ల ఒకే సాలులో కొన్ని మొక్కలకు నీరు చాలదు, కొన్నింటికి సరిపోతుంది. నీటి సరఫరా ఒడుదొడుకులకు లోనైనప్పుడు టమాట కాయకు కాల్షియం సక్రమంగా అందక, కాయ అడుగుభాగం నల్లబడి కుళ్లుతుంది. డ్రిప్పర్‌ను మూసినది కాల్షియమే. కాయలో కొరవడినదీ కాల్షియమే.

5. గుర్తించు విధానం:
నీటి పి.హెచ్. 7 కంటె తక్కువైతే సున్నపు అవరోధానికి అవకాశం స్వల్పం. 7, 8ల మధ్య మధ్యమం. 8 దాటితే తీవ్రం. మూసుకుపోయిన డ్రిప్పర్‌ను కోసి లోపలి పొరపై నిమ్మరసం వేయాలి. బుడగలు వస్తే అది సున్నం. జిగురుగా ఉంటే నాచు లేదా సూక్ష్మజీవులు. తుప్పురంగులో ఉంటే ఇనుము. కారణాన్ని బట్టియే చికిత్స ఉండాలి.

6. నివారణ మార్గాలు:
అ) ఇసుకకు హైడ్రోసైక్లోన్, నాచుకు శాండ్ ఫిల్టర్, తుది వడపోతకు స్క్రీన్ లేదా డిస్క్ ఫిల్టర్ అవసరం. ఇవి సున్నాన్ని ఆపలేకపోయినా, అది అంటుకొనే మట్టిరేణువులను తగ్గిస్తాయి.

ఆ) మెయిన్, సబ్‌మెయిన్, లాటరల్ పైపుల చివరలను ఆ వరుసలోనే తెరిచి, తేటనీరు వచ్చేవరకు తరచుగా కడగాలి.

ఇ) ఆమ్లచికిత్సకు మోతాదును ముందుగా నిర్ణయించాలి. 10 లీటర్ల బోరునీటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, పి.హెచ్. 4కు చేరిన పరిమాణాన్ని గుర్తించాలి. ఉదాహరణకు 6 మిల్లీలీటర్లు పట్టిందనుకొందాం. గంటకు 6,000 లీటర్లు పారే వ్యవస్థలో 15 నిమిషాలకు 1,500 లీటర్లు పారుతాయి. కావలసిన ఆమ్లం 900 మిల్లీలీటర్లు. వెంచురి ద్వారా పంపి, చివరి డ్రిప్పర్ నీటిని పి.హెచ్. కాగితంతో పరీక్షించి, 24 గంటలు నిలిపి, పైపులను కడగాలి.

ఈ) కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్, సల్ఫేట్ ఎరువులతో కలిపి పంపరాదు. అవి పైపులలోనే కరగని పదార్థాలుగా మారుతాయి.

ఉ) ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయరాదు. ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

7. ముగింపు:
పూర్తిగా మూసుకుపోయిన డ్రిప్పర్‌లోనికి ఆమ్లం సైతం ప్రవేశించలేదు. దారి తెరిచి ఉన్నంతవరకే చికిత్స ఫలిస్తుంది. కనుక చివరి డ్రిప్పర్ల కింద పాత్ర ఉంచి, వాటి ప్రవాహాన్ని నిర్ణీత కాలానికొకసారి కొలిచి నమోదు చేసుకోవడం ప్రథమ కర్తవ్యం. తగ్గుదల కనిపించిన వెంటనే చికిత్స చేస్తే, కరవు సీమలో అతికష్టంగా పైకి తెచ్చిన నీరు ప్రతి మొక్కకూ సమానంగా చేరుతుంది.