మైళ్ల మీటరున్న కారు భారత్‌కు వస్తే...

విదేశంలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగివచ్చే కుమారుడో కుమార్తెో అక్కడి కారును వెంట తెచ్చుకోవచ్చా? భిలాయి సెక్టర్ 6 వంటి కాలనీలలోని తెలుగు కుటుంబాలకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. పొరపాటు జరిగితే నష్టం లక్షలలో ఉంటుంది.

వాడిన కారు దిగుమతికి భారత విదేశీ వాణిజ్య నిబంధనలు స్పష్టమైన షరతులు విధించాయి. తయారై మూడేళ్లు దాటరాదు. స్టీరింగు కుడివైపున ఉండాలి. హెడ్‌లైట్ల కాంతి ఎడమవైపు నడిచే రాకపోకలకు అనువుగా పడాలి. స్పీడోమీటరు వేగాన్ని కిలోమీటర్లలో చూపాలి. అమెరికా కారు సాధారణంగా స్టీరింగు దగ్గరే ఆగిపోతుంది. బ్రిటన్ కారు ఆ గండం దాటినా, మీటరుపై కిలోమీటర్ల అంకెలు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. షరతులకు లోబడని వాహనాన్ని కస్టమ్స్ చట్టం, 1962 కింద జప్తు చేయవచ్చు.

ఈ మీటరు నిబంధన కేవలం లాంఛనం కాదు. మైలు అంటే 1.609 కిలోమీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల పరిమితి ఉన్న రోడ్డుపై మైళ్ల ముల్లును 50 దగ్గర నిలిపితే, బండి నిజానికి 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లే. ఓడోమీటరులో 20,000 మైళ్లంటే 32 వేల కిలోమీటర్లకు పైమాటే. సర్వీసింగు గడువును, అమ్మకపు ధరను ఆ లెక్కతోనే చూడాలి.

గ్యాలన్ మరింత చిక్కు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. గ్యాలనుకు 30 మైళ్లన్న మాట అమెరికాలో లీటరుకు 12.8 కిలోమీటర్లు, బ్రిటన్‌లో 10.6 మాత్రమే.

భారత్ కూడా ఒకప్పుడు మైళ్ల దేశమే. మెట్రిక్ కొలతలకు చట్టం 1956లో వచ్చింది. మెట్రిక్ దేశమైన సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. అయినా పాత కొలత పూర్తిగా పోలేదు: టైరులో గాలి నేటికీ పౌండ్ల లెక్కనే, చక్రం అంగుళాలలోనే.

దిగుమతి సుంకాలు భారీగా ఉంటాయి, బడ్జెట్లతో మారుతుంటాయి. అందువల్ల కారును ఓడ ఎక్కించడానికి ముందే తయారీ తేదీ, స్టీరింగు, దీపాలు, మీటరు ఈ నాలుగింటినీ కస్టమ్స్ ఏజెంటుతో లిఖితపూర్వకంగా సరిచూసుకోవడం అవసరం.