బోరులోకి దిగిన బొగ్గు సంచి

నేలలోని నీళ్లు విషమయ్యాయంటే మనం ముందు అడిగేది, లీటరులో ఎంత కలిసిందని. అది సగం ప్రశ్నే. ఆ నీళ్లు కదలకుంటే దిగువ బావులకు చేరే విషం స్వల్పం. ఇసుక పొరలో చకచకా సాగిపోతుంటే అదే గాఢత ఎన్నో రెట్ల ముప్పు. రోజుకు ఎన్ని గ్రాములు దాటిపోతున్నాయో తెలియకుండా చేసే శుద్ధి, నా దృష్టిలో గుడ్డి వైద్యమే.

నీటి వడిని లెక్కగట్టే సూత్రం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులోని దిజోన్ నగర నీటి సరఫరాపై 1856లో వెలువరించిన గ్రంథంలో హెన్రీ డార్సీ దాన్ని అందించాడు. నీటిమట్టం వాలును, నీటిని పోనిచ్చే నేల గుణంతో గుణించాలి. వాలు సులువుగానే తెలుస్తుంది. నేల గుణమే చేతికి చిక్కదు. బంకమట్టికీ ఇసుకకూ మధ్య అది లక్షల రెట్లు మారుతుంది; ఒకే బోరులో జానెడు కిందికి దిగితే వేరుగా ఉండొచ్చు.

అందుకే అంచనా మానేసి నేరుగా కొలిచే పరికరం కోసం ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన కర్క్ హాట్‌ఫీల్డ్, మైకేల్ అన్నబుల్, వారితో పాటు పి. సురేశ్ సి. రావు తదితరులు పూనుకున్నారు. వారి ‘ప్యాసివ్ ఫ్లక్స్ మీటర్’ సిద్ధాంతం 2004లో అచ్చయింది.

దానికి మోటారు లేదు, బ్యాటరీ లేదు. పొడవాటి మేజోడులాంటి వలగుడ్డ సంచిలో యాక్టివేటెడ్ కార్బన్ కూరి, ఆ బొగ్గుకు ముందే కొన్ని రకాల ఆల్కహాళ్లు పట్టించి, బోరులో బిర్రుగా దించుతారు. నీళ్లు బొగ్గు గుండా పోతూ ఆల్కహాల్‌ను కడిగేస్తాయి, మోసుకొచ్చిన విషాన్ని బొగ్గులో వదిలిపోతాయి. మెథనాల్ త్వరగా కొట్టుకుపోతుంది కాబట్టి మెల్లని ప్రవాహాన్ని అది పట్టిస్తుంది. బొగ్గును అంటిపెట్టుకునే బరువైన ఆల్కహాళ్లు వడిగల ప్రవాహాన్ని చెబుతాయి. కొన్ని రోజులకో వారాలకో సంచిని పైకి తీసి, లోతుల వారీగా ముక్కలు చేసి ప్రయోగశాలలో పరీక్షిస్తారు. తరిగిన ఆల్కహాల్ నుంచి నీటి లెక్క, పేరుకున్న విషం నుంచి కాలుష్యం లెక్క.

వినడానికి ఇంతే. కానీ సూక్ష్మజీవులు ఆల్కహాల్‌ను తినేస్తే లెక్క తప్పుతుంది. అందుకని వెండి చేర్చిన బొగ్గు వాడారు. బోరులో నీళ్లు పైకీ కిందికీ పారకుండా మధ్యమధ్య రబ్బరు బిళ్లలు పెట్టారు. చుట్టూ ఉన్న నేలకన్నా సంచి సులువైన దారి అయితే పక్క నీళ్లూ అటే మళ్లుతాయి. ఆ అదనాన్ని గణితంతో తీసివేయాలి.

కెనడాలో, ఒంటారియోలోని బోర్డెన్ సైనిక స్థావరంలో, ప్రవాహాన్ని తామే నిర్ణయించగల గోడల నడుమ దీన్ని పరీక్షించారు. ఆ తర్వాత అమెరికాలోని ఫోర్ట్ లూయిస్‌లో, కరెంటుతో నేలను వేడిచేసి ట్రైక్లోరోఇథిలీన్ అనే విష రసాయనాన్ని తొలగించిన చోట, శుద్ధికి ముందూ తర్వాతా దించారు. దాటిపోతున్న విషం బాగా తగ్గిందని తేలింది.

ఈ పరికరం చెప్పేది అది బోరులో ఉన్నన్నాళ్ల సగటు మాత్రమే. వానాకాలం, వేసవి తేడాలు కావాలంటే మళ్లీ దించాల్సిందే.