నల్లరాయి మోసుకొచ్చిన దిక్కు: అపోహలు – వాస్తవాలు

అపోహ: అయస్కాంతమంటే ఇనుప ఖనిజంలోనే ఉండాలి. మామూలు నల్లరాయిలో ఏముంటుంది?

వాస్తవం: దక్కన్ లావా గడ్డకట్టిన బసాల్టులో మాగ్నటైట్ జాతి రేణువులు కంటికి ఆనకుండా నిండి ఉంటాయి. స్వచ్ఛమైన మాగ్నటైట్ అయస్కాంతత్వాన్ని నిలుపుకోగల హద్దు 580 డిగ్రీల సెల్సియస్. అంతకన్నా చల్లబడుతున్నప్పుడు రేణువు కదలదు కానీ, దానిలోని అయస్కాంతత్వం ఆనాటి భూ అయస్కాంత క్షేత్రం దిశలో స్థిరపడిపోతుంది. ఆ క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర నేలకు సమాంతరంగా, ధ్రువాల దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది. కాబట్టి రాతిలో మిగిలిన వాలును కొలిస్తే, అది ఏ అక్షాంశంలో చల్లారిందో లెక్క కట్టవచ్చు. అయితే రాయిని పెకలించే ముందే దాని దిక్కును గుర్తు పెట్టుకోవాలి. క్రషర్ దగ్గర ఏరుకొచ్చిన కంకర ఈ పనికి రాదు.

1950ల తొలినాళ్ళలో కేంబ్రిడ్జ్ పరిశోధక విద్యార్థి టెడ్ అర్వింగ్ దక్కన్ రాళ్ళను ఇలాగే పరీక్షించాడు. అవి చల్లారినప్పుడు భారతదేశం దక్షిణార్ధగోళంలో ఉందని తేలింది. ఖండాలు కదులుతాయంటే పెద్దలు నవ్వే రోజులవి. 1954లో అతని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని తిరస్కరించారు! రెండేళ్ళకే లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన క్లెగ్ బృందం కూడా దక్కన్ రాళ్ళను కొలిచి, భారత్ ఉత్తరానికి జరిగి వచ్చిందనే చెప్పింది. ఆ ప్రయాణం దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం నుంచి, అంటే ఐదు వేల కిలోమీటర్ల పైమాటే.

అపోహ: భూమి నడిబొడ్డున పెద్ద అయస్కాంతం ఉంది.

వాస్తవం: ఇనుము 770 డిగ్రీలకే అయస్కాంత గుణం కోల్పోతుంది. భూకేంద్రంలో వేడి ఐదు వేల డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. బాహ్య కేంద్రకంలో పొర్లే ద్రవ ఇనుములో పుట్టే విద్యుత్ ప్రవాహాలే భూ అయస్కాంత క్షేత్రానికి మూలం.

అపోహ: అయస్కాంత ధ్రువాలు తారుమారైతే ప్రళయమే. డైనోసార్లు పోయింది అందుకే.

వాస్తవం: యూట్యూబ్‌కు ఇష్టమైన భయం ఇది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి రెండు గట్లా, కాతేరు, గౌరీపట్నం క్వారీల్లో లావా పొరలున్నాయి. కింది పొర అయస్కాంతత్వం నేటికి వ్యతిరేక దిశలో, పై పొరది నేటి దిశలో ఉంది. అంటే సుమారు 6.57 కోట్ల ఏళ్ళ కిందటి ఒక తారుమారు మన క్వారీల్లోనే కనబడుతోంది. డైనోసార్లు అంతకు సుమారు మూడు లక్షల ఏళ్ళ ముందే అంతరించాయి. దానికి ముందరి తారుమారుకూ వాటి అంతానికీ మధ్య కూడా లక్షల ఏళ్ళ ఎడం ఉంది. చివరిసారి పూర్తిగా మారింది సుమారు 7.8 లక్షల ఏళ్ళ కిందట. మన పూర్వీకులు దాన్నీ దాటి వచ్చారు.

అపోహ: రాయిని కొలిస్తే ఖండం పాత చిరునామా మొత్తం దొరుకుతుంది.

వాస్తవం: అక్షాంశం, ఖండం ఎంత తిరిగిందన్న సంగతి దొరుకుతాయి. రేఖాంశం దొరకదు. దానికి సముద్రపు అడుగున అయస్కాంత చారలు, ఇతర ఆధారాలు కావాలి. ప్రాచీన ఖండాల పటాల్లో తూర్పు పడమరలను కొంత అనుమానంతోనే చూడాలి.

అపోహ: ఉత్తరానికి తల పెడితే రక్తంలోని ఇనుమును భూమి లాగేస్తుంది.

వాస్తవం: హిమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులోని ఇనుములా ప్రవర్తించదు. భూక్షేత్రం కన్నా దాదాపు 30 వేల రెట్లు బలమైన ఎంఆర్ఐ యంత్రంలో పడుకున్నా రక్తం తలకు ఎక్కదు. ఆచారంగా పాటిస్తే అది మీ ఇష్టం, సైన్సు పేరు మాత్రం చెప్పకండి.