నౌకరి పోయినోళ్లకు వకీలు ఫ్రీ.. గీ ముచ్చట ఎవ్వలూ చెప్పరు

20 ఏండ్ల కిందటి మాట. హైదరాబాద్ శివార్ల ఓ పైపుల కంపెనీల మూడేండ్లు పనిచేసిన. ఓటీ పైసలు ఎందుకు ఇస్తలేరని ఓ దినం అడిగిన. తెల్లారి పోతే గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు. ‘నీ పేరు కొట్టేసిన్రు, లోపలికి పంపొద్దన్నరు’ అన్నడు. కాయితం లేదు, కారణం లేదు. వకీలు కాడికి పోతే ముందుగాల ఐదు వేలు పెట్టుమన్నడు. నా నెల జీతమే గంత లేకుండె. ‘కంపెనీతోని మనకేం కొట్లాట బిడ్డా’ అన్నది మా అమ్మ. మూట సర్దుకొని ఊరికొచ్చిన.

ఎనిమిదేండ్ల తర్వాత మండలంల న్యాయ సదస్సు పెడితే పోయిన. అక్కడ తెలిసింది, నేను వకీలుకు ఒక్క రూపాయి కూడా ఇయ్యాల్సిన పని లేకుండెనని. అప్పటికే నా గడువంతా దాటిపోయింది. నాకైన నష్టం మీకు కావొద్దని గిది రాస్తున్న.

మనకు వకీలును సర్కారే పెడ్తది

న్యాయ సేవల చట్టం 1987ల చేసిన్రు. 1995 నవంబర్ 9 నుంచి అమలైతున్నది. ఎస్సీలు, ఎస్టీలు, ఆడోళ్లు, వికలాంగులు, పరిశ్రమలల్ల పనిచేసే కార్మికులు.. వీళ్లకు ఆదాయం ఎంతున్నా సరే, వకీలును ఉచితంగ ఇయ్యాలని అండ్ల రాసి ఉన్నది. కోర్టు ఫీజు కూడా వాళ్లే చూసుకుంటరు. జిల్లా కోర్టు కాడనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది. తెల్లకాయితం మీద దరఖాస్తు రాసిచ్చినా తీసుకుంటరు. రాయరాకపోతే నోటితోని చెప్పినా రాసుకుంటరు. ఫోన్ చేయాలంటే నంబర్ 15100.

మొదటి మెట్టు కాడ వకీలే వద్దు

చానమందికి తెల్వని ఇంకో ముచ్చట ఉన్నది. తీసేసినంక సక్కగ కోర్టుకు పోవుడు కాదు, ముందుగాల లేబర్ ఆఫీసుకు పోవాలె. అక్కడ అధికారి రెండు దిక్కులోళ్లను పిలిచి రాజీకి చూస్తడు. ఈ రాజీ కాడ మనమే కాదు, కంపెనీ కూడా వకీలును పెట్టుకోరాదు. మన తరఫున యూనియన్ లీడర్ మాట్లాడొచ్చు. మనం ఏ యూనియన్‌ల లేకపోయినా ఆ పరిశ్రమకు సంబంధమున్న యూనియన్ లీడర్‌నో, తోటి కార్మికున్నో రాసిచ్చి నిలబెట్టుకోవచ్చు. రాజీ కుదరక కేసు ట్రిబ్యునల్‌కు పోయినంక కూడా, మనం ఒప్పుకొని జడ్జి అనుమతిస్తెనే కంపెనీ తరఫున వకీలు వస్తడు. పెద్ద వకీలును పెట్టి పేదోన్ని తొక్కొద్దనే గీ నిబంధన పెట్టిన్రు.

గడువు తగ్గింది, జర పైలం

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద తీసేసిన దినం నుంచి 3 ఏండ్ల దాకా టైముండె. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయి. ఇప్పుడు 2 ఏండ్లు దాటితే రాజీ అధికారి కేసు ముట్టడు. రాజీ కుదరలేదని రిపోర్టు చేతికొచ్చినంక 90 రోజులల్ల ట్రిబ్యునల్‌ల దరఖాస్తు వేయాలె. మేనేజర్లకు, నెలకు 18 వేల కన్నా ఎక్కువ జీతమొచ్చే సూపర్‌వైజర్లకు మాత్రం ఈ తొవ్వ లేదు.

ఏది తప్పు తీసేసుడు?

ఏడాదిల 240 రోజులు పనిచేసినోన్ని పని తక్కువైందని తీసేయాలంటే నెల ముందుగాల నోటీసు ఇయ్యాలె, లేకుంటే నెల జీతం ఇయ్యాలె. దాంతోపాటు పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కగట్టి ఇయ్యాలె. అందరికన్నా వెనుక చేరినోన్ని ముందుగాల పంపాలె. నడుమల అడిగినోన్ని, ఎదురు మాట్లాడినోన్ని ఏరి తీసేస్తే కారణం చూపెట్టాలె. దొంగతనమో, తప్పో మోపితే ఛార్జిషీటు ఇచ్చి, విచారణ పెట్టి, మన జవాబు వినాలె. కాన్పు సెలవుల ఉన్న ఆడామెను తీసేస్తే అది చెల్లది.

షోరూంలల్ల, దుకాణాలల్ల చేసేటోళ్లకు 1988 నాటి దుకాణాల చట్టం ఉన్నది. 6 నెలలు వరుసగ పనిచేసినోన్ని సరైన కారణం లేకుండ తీసేయరాదు. నెల నోటీసన్న ఇయ్యాలె, నెల జీతమన్న ఇయ్యాలె.

సంతకం కాడనే ఓడిపోతం

కంపెనోళ్లు తీసేసినమని రాసియ్యరు. ‘నువ్వే రాజీనామా ఇయ్యి, లేకుంటే పాత జీతం ఆపుతం’ అంటరు. సంతకం పెట్టినవా, రేపు ‘వాడే ఇడిసిపెట్టి పోయిండు’ అని చూపిస్తరు. ఖాళీ కాయితం మీద అసలే పెట్టకు. గేటు కాడ ఆపితే అదే దినం ‘నేను పనికొచ్చిన, రానిస్తలేరు’ అని రిజిస్టర్ పోస్టుల ఉత్తరం పంపు. రసీదు దాచిపెట్టు. పీఎఫ్ పాస్‌బుక్కు, ఈఎస్ఐ కార్డు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, గేట్ పాస్, సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు భద్రంగ ఉంచు. ‘నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టర్ మనిషివి’ అన్నప్పుడు గివే పనికొస్తయి.

మొన్న మా పక్కూరి చెల్లె ఒకామె వచ్చింది. కాన్పు సెలవు అయినంక పోతే ‘నీ జాగల వేరేటామెను పెట్టుకున్నం’ అన్నరట. పసిపిల్లను సంకనేసుకొని నాతోటి న్యాయ సేవల ఆఫీసుకు వచ్చింది. దరఖాస్తు రాసిచ్చినంక ‘అన్నా, ఎంతియ్యాలె?’ అని కొంగుముడి విప్పబోయింది. ఏం వద్దు చెల్లె అన్న. నమ్మలే. అక్కడి గుమాస్తాను మళ్లా అడిగింది. ఆయన కూడా వద్దన్నంక ముడి వేసుకున్నది.

ఆమె కేసు ఇంకా నడుస్తున్నది. గెలుస్తదని నేను చెప్పలేను, ఏండ్లు పట్టొచ్చు. కానీ నా లెక్క గేటు కాడి నుంచే ఇంటికి మర్రిపోలే. మీ ఊర్ల ఎవలి నౌకరన్న పోతే గీ నంబర్ చెప్పుండ్రి: 15100.